నగరం నుంచి శివారుకు మారే ముందు: పన్నులు, నెల ఖర్చుల లెక్క వేసుకునే పద్ధతి

హైదరాబాద్ నల్లకుంటలో డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి నెలకు 22 వేలు అద్దె కడుతున్న రోజుల్లో, నగర శివారు పోచారంలో అంతకంటే పెద్ద ఫ్లాటు 14 వేలకే ఉందని తెలిసింది. నెలకు 8 వేలు మిగులుతాయని ఆ రాత్రే లెక్క తేల్చేశాం. మారిన ఆరు నెలలకు ఖర్చుల డైరీ తీసి కూడితే మిగిలింది 2 వేల పైచిలుకే. ఏమైంది ఆ మిగతా డబ్బు? కొంత పెట్రోలు బంకులో, కొంత స్కూలు బస్సు ఫీజులో, కొంత నీళ్ల ట్యాంకరులో పోయింది.

శివారుకు వెళ్లొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. మేము ఇప్పటికీ పోచారంలోనే ఉన్నాం, వెళ్లినందుకు బాధ లేదు. బాధల్లా లెక్క ముందే వేసుకోలేదనే. చాలామంది పన్నులు తగ్గుతాయా పెరుగుతాయా అన్న దగ్గరే ఆగిపోతారు. నా అనుభవంలో ఇల్లు మారితే ఇంటి పన్ను మారేది కొంచెమే. అసలు మారేది దూరం, నీళ్లు. అందుకే పన్నుల సంగతి ముందు తేల్చేసి, ఆ తర్వాత ఆ రెండింటి దగ్గర ఎక్కువసేపు కూర్చుందాం. ఒక నోట్‌బుక్కు తీసుకుని పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు ఇప్పుడున్న ఇల్లు, కుడి వైపు వెళ్లాలనుకుంటున్న ఇల్లు.

మొదటి పని: మారని పన్నులను కొట్టేయండి

ఆదాయపు పన్ను శ్లాబులు దేశమంతటికీ ఒకటే. వృత్తి పన్ను రాష్ట్రానిది. జీతం 20 వేలు దాటితే నెలకు 200 రూపాయలు, అమీర్‌పేటలో ఉన్నా ఆదిబట్లలో ఉన్నా అంతే. బండి లైఫ్ ట్యాక్స్ కూడా రాష్ట్రానిదే. కరెంటు సంగతి కూడా ఇక్కడే తేల్చేయొచ్చు. నగరానికీ చుట్టుపక్కల శివార్లకూ ఒకే పంపిణీ సంస్థ, ఒకే టారిఫ్. బిల్లు మారితే అది మీ వాడకం వల్లే, లేదంటే మెయింటెనెన్స్‌లో కలిపే లిఫ్టు, బోరు మోటారు కరెంటు వల్ల.

ఇవన్నీ పోగా మిగిలేవి మూడు: ఇంటి పన్ను, కొనేటప్పుడు కట్టే రిజిస్ట్రేషన్ ఖర్చులు, ఉద్యోగులకు హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మీద వచ్చే తేడా.

రెండో పని: ఇంటి పన్ను అసలు రసీదు మీద చూడండి

గ్రేటర్ హైదరాబాద్‌లో నివాస ఇళ్లకు పన్ను, మునిసిపల్ లెక్కలో ఆ ఇంటికి కట్టిన నెల అద్దె విలువ మీద పడుతుంది. మీరు నిజంగా కట్టే అద్దెకూ దానికీ సంబంధం లేదు. ఉదాహరణకు 1,000 చదరపు అడుగుల ఫ్లాటుకు అడుగుకు 2 రూపాయలు అనుకుందాం. నెలకు 2,000, ఏడాదికి 24,000. నెల విలువ 300 దాటిన ఇళ్లకు 30 శాతం శ్లాబు కాబట్టి 7,200. కొత్త కట్టడమైతే తరుగుదల కింద 10 శాతం తీసేస్తే 6,480. దానికి 8 శాతం గ్రంథాలయ సెస్సు కలిపితే దాదాపు 7,000. అదే ఫ్లాటు అడుగుకు రూపాయి ఉన్న ప్రాంతంలో ఉంటే 3,500. అంటే తేడా ఏడాదికి 3,500, నెలకు 300 లోపు. ఇంటి పన్ను కోసం శివారుకు వెళ్లడం అనవసరమని నేను అనేది అందుకే.

ఇంకో మాట. 2025 డిసెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ ఉన్న 27 పురపాలక సంస్థలను జీహెచ్‌ఎంసీలో విలీనం చేశారు. పోచారం, ఘట్‌కేసర్, బోడుప్పల్, నిజాంపేట్, మణికొండ, శంషాబాద్, మేడ్చల్, అమీన్‌పూర్ అన్నీ అందులోవే. శివారు అంటే మునిసిపాలిటీ, అక్కడ పన్ను తక్కువ అన్న పాత లెక్క ఎల్లకాలం నిలుస్తుందని అనుకోవద్దు. నేనైతే నగరంలో కట్టినంతే అక్కడా కట్టాల్సి వస్తుందని రాసుకుంటాను. తక్కువ వస్తే సంతోషం.

ఔటర్ అవతల ఇంకా గ్రామ పంచాయతీ కింద ఉన్న ఊరికి వెళ్తుంటే పన్ను నిజంగానే తక్కువగా ఉండొచ్చు. అయితే అక్కడ భూగర్భ డ్రైనేజీ ఉందా, సెప్టిక్ ట్యాంకేనా, చెత్త బండి వస్తుందా అని అడగండి. పన్నులో మిగిలింది సెప్టిక్ ట్యాంకు తోడించడానికే పోతుంది.

కొనేవాళ్లు పాత బకాయి తప్పకుండా చూసుకోవాలి. మా పిన్ని వాళ్లు శివారులో పాత ఇండిపెండెంట్ ఇల్లు కొన్నారు. అమ్మిన ఆయన తాజా రసీదు చూపించాడు. మా వాళ్లు అది చూసి ఊరుకున్నారు, వెనకటి ఏళ్ల గురించి అడగలేదు. పేరు మార్పించుకోవడానికి వెళ్తే మూడేళ్ల బకాయి బయటపడింది. ఆలస్యానికి నెలకు 2 శాతం, అంటే ఏడాదికి 24 శాతం అపరాధ వడ్డీ. పిన్ని ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చి, ‘ఇల్లు కొన్నామా, వాళ్ల అప్పు కొన్నామా’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అడ్వాన్సు ఇవ్వకముందే ఇంటి పన్ను గుర్తింపు సంఖ్య అడిగి, ఆన్‌లైన్‌లో బకాయి సున్నా అని మీ కళ్లతో చూడండి. నల్లా కనెక్షన్ ఉంటే దాని క్యాన్ నంబరుతో (నీటి బిల్లు మీద ఉండే ఖాతా సంఖ్య) నీటి బిల్లు బకాయి కూడా చూడండి.

ఇల్లు మీ పేరు మీదికి వచ్చాక, ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను కట్టేస్తే 5 శాతం తగ్గించే ఎర్లీ బర్డ్ పథకాన్ని జీహెచ్‌ఎంసీ ఏటా ప్రకటిస్తూ వస్తోంది. దాన్ని వదులుకోకండి.

మూడో పని: కొనేవాళ్లకు ఒక్కసారి పడే పన్నులు

తెలంగాణలో 2021 జులై 22 నుంచి అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. శాతం మారకపోయినా ధర మారితే మొత్తం మారుతుంది. 80 లక్షల ఫ్లాటుకు 6 లక్షలు, 60 లక్షల ఫ్లాటుకు నాలుగున్నర లక్షలు.

శివార్లలో దొరికేవాటిలో చాలావరకు ఇంకా కడుతున్న ఫ్లాట్లే. ధర 45 లక్షలు దాటి, ఓసీ (కట్టడం పూర్తయిందని, ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) రాని ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం. 60 లక్షలకు 3 లక్షలు అదనమన్నమాట. అదే ఓసీ వచ్చాక అమ్మే రెడీ ఫ్లాటుకు జీఎస్టీ లేదు. నగరంలో 62 లక్షల పాత ఫ్లాటునూ శివారులో 60 లక్షల కొత్త ఫ్లాటునూ పోల్చేటప్పుడు ఈ 3 లక్షలు కలపకపోతే లెక్క తలకిందులవుతుంది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కొనేవాళ్లే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అది అదనపు ఖర్చు కాదు, అమ్మేవారికి ఇవ్వాల్సిన దాంట్లోంచి తీసేదే. కానీ కట్టడం మర్చిపోతే వడ్డీ, ఫీజు మీ నెత్తి మీద పడతాయి.

ప్లాటు కొని తర్వాత కట్టుకుందాం అనుకునేవాళ్లు ఖాళీ స్థలం పన్ను ఉంటుందని గుర్తుంచుకోండి. లేఅవుటుకు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, లేకపోతే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుటు క్రమబద్ధీకరణ రుసుము) కట్టారా అన్నదీ అడగండి. అది తేలకుండా ధర చౌక అని మురిసిపోవద్దు.

నాలుగో పని: జీతం మీద పన్ను, హెచ్‌ఆర్‌ఏ

మమ్మల్ని నిజంగా ఆశ్చర్యపరిచింది ఇదే. మా ఆయన పాత పన్ను విధానంలో ఉన్నారు. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు లెక్కలో ఒక కొలమానం, కట్టిన అద్దెలోంచి మూల వేతనంలో 10 శాతం తీసేయగా మిగిలేది. మాలా ఈ కొలమానం వర్తించేవాళ్లకు, అద్దె తగ్గితే మినహాయింపూ తగ్గుతుంది. నెలకు 8 వేలంటే ఏడాదికి 96 వేలు. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 19,968 రూపాయల పన్ను పెరుగుతుంది, అంటే నెలకు 1,664. ఇది మాకు మార్చిలో గానీ తెలియలేదు.

కొత్త విధానంలో ఉన్నవారికి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు కాబట్టి ఈ తేడా రాదు. ముందు మీ కార్యాలయంలో ఏ విధానం ఎంచుకున్నారో కనుక్కుని ఈ గడి నింపండి.

నగరంలో సొంత ఫ్లాటు అద్దెకిచ్చి శివారులో తాము అద్దెకుండేవాళ్లూ ఉన్నారు. వచ్చే అద్దె ఆదాయంలో చూపించాలి. మీరు కట్టిన ఇంటి పన్ను అందులోంచి తీసేయొచ్చు, మిగిలిన దాంట్లో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంటుంది. అందుకే ఇంటి పన్ను రసీదులు పారేయకండి.

ఐదో పని: నీళ్లు

2021 జనవరి నుంచి జీహెచ్‌ఎంసీ పరిధిలోని ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల వరకు నల్లా నీళ్లు ఉచితం. దానికి మీటరు ఉండాలి, ఆధార్ అనుసంధానం అయి ఉండాలి. నల్లకుంటలో మాకు నీళ్ల ఖర్చంటూ ఉండేది కాదు కాబట్టి ఆ గడి ఒకటుంటుందన్న ఆలోచనే రాలేదు. ఆ పథకం మొదలైంది పాత గ్రేటర్ హద్దులకు. కొత్తగా కలిసిన ప్రాంతంలో మీరు చూస్తున్న భవనానికి అది వర్తిస్తోందో లేదో, ఇటీవలి నీటి బిల్లు తెప్పించుకుని చూడండి. జలమండలి (వాటర్ బోర్డు) నీళ్లు శివార్లలో ఔటర్ దాకా ఇస్తున్నా, ప్రతి అపార్టుమెంటుకూ కనెక్షన్ ఉందని కాదు.

మేము ఇల్లు చూసింది డిసెంబరులో. ‘నీళ్లకు ఫికర్ లేదమ్మా, రెండు బోర్లున్నయి’ అన్నాడు వాచ్‌మన్. డిసెంబరులో అది అబద్ధం కాదు. ఏప్రిల్ మొదటి వారంలో ఒకరోజు ఐదు గంటలకే రివర్స్ గేరు చప్పుడుకు మెలకువ వచ్చి బాల్కనీలోకి వెళ్లాను. ట్యాంకరు సందులో ఇరుకుగా వెనక్కి వస్తోంది. వాచ్‌మన్ సంపు మూత జరిపి, లావుపాటి పైపు లోపలికి దించి, గోడకు వేలాడుతున్న చిన్న నోట్‌బుక్కులో ఒక గీత గీశాడు. మే వచ్చేసరికి ఆ పుస్తకంలో రోజుకు రెండేసి గీతలు. నెలాఖరుకు ఆ గీతలన్నీ కూడి, ఫ్లాట్లకు సమానంగా పంచారు. మా వాటా 1,500.

మీరు అడగాల్సింది ఆ నోట్‌బుక్కు. ‘నీళ్లు ఉన్నాయా’ అంటే ఎవరైనా ఉన్నాయనే అంటారు. ‘పోయిన ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, ఒక్కో ఫ్లాటుకు ఎంత పడింది’ అనండి. అసోసియేషన్ ఉంటే మెయింటెనెన్స్ ఖాతా వాట్సాప్ గ్రూపులోనే ఉంటుంది, చూపించమనండి. పక్క వీధిలో అద్దెకుండేవారిని కూడా అడగండి. వాళ్లకు అమ్మేదేమీ లేదు కాబట్టి నిజం చెబుతారు.

ఆరో పని: ప్రయాణం, మనిషి మనిషికీ విడిగా

ఇంట్లో ఎంతమంది, వారానికి ఎన్నిసార్లు, ఎక్కడికి వెళ్తారో ఒక్కొక్కరి పేరు కింద రాయండి. అందరినీ కలిపి ‘ప్రయాణం’ అని ఒకే అంకె వేస్తే తప్పు పోతుంది. మేము చేసిన పొరపాటు అదే.

మా ఆయన ఆఫీసు బేగంపేటలో. నల్లకుంట నుంచి రాను పోను 18 కిలోమీటర్లు, పోచారం నుంచి 52. నెలకు 24 రోజులు, బండి లీటరుకు 45 కిలోమీటర్లు, పెట్రోలు అప్పట్లో సుమారు 107 రూపాయల 50 పైసలు. వెయ్యి దాటి కొంచెం ఉండే ఖర్చు మూడు వేలకు దగ్గరపడింది. టైర్లు, సర్వీసింగ్ కోసం నెలకు ఇంకో 500 పక్కన పెట్టాలి. సమయం ఒక్కో వైపు 45 నిమిషాలు పెరిగింది, నెలకు 36 గంటలు. దానికి ధర కట్టలేను గానీ, రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటికొచ్చిన మనిషి ముఖం చూస్తే అది ఖర్చే అనిపిస్తుంది.

ఉప్పల్‌లో బండి పెట్టి నాగోల్–రాయదుర్గం మెట్రో ఎక్కితే బేగంపేటలో దిగొచ్చు. ఎండాకాలం, వానాకాలం మా ఆయన అలాగే వెళ్తున్నారు. డబ్బు పెద్దగా మిగలదు, ఒళ్లు హూనం కాకుండా ఉంటుంది. 2025 మే నుంచి మెట్రో టికెట్టు కనీసం 11, గరిష్ఠం 69 రూపాయలు. పార్కింగ్ కూడా కలుపుకోండి. ఎంఎంటీఎస్ లోకల్ రైలు అన్నిటికంటే చౌక. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్‌కూ, 2024 మార్చిలో ఘట్‌కేసర్‌కూ వచ్చింది. కానీ స్టేషన్ దగ్గరుందని మురిసిపోకుండా, మీ ఆఫీసు వేళకు రైలు ఉందో లేదో చూసుకున్నాకే లెక్కలో వేయండి.

ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. శివారు ఇళ్లకు ఇది చాలా పెద్ద ఆసరా. మా అత్తయ్య నెలకు రెండుసార్లు చిక్కడపల్లి గుడికి, ఒకసారి డాక్టరు దగ్గరికి బస్సులోనే వెళ్లొస్తుంది. మీ కాలనీ నుంచి బస్‌స్టాపు ఎంత దూరం, షేర్ ఆటోకు ఎంత అన్నది మాత్రం కలపాలి.

కారులో ఔటర్ మీదుగా గచ్చిబౌలి వైపు వెళ్లేవాళ్లకు టోలు ఉంది. 2025 ఏప్రిల్‌లో కారుకు కిలోమీటరుకు 2 రూపాయల 44 పైసలు చేశారు. ఆ లెక్కన ఒక్కో వైపు 20 కిలోమీటర్లయితే రోజుకు 98 రూపాయలు, 22 రోజులకు 2,150 దాకా. పెట్రోలు దీనికి అదనం. బైకులను ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి రానివ్వరు, సర్వీసు రోడ్డే దిక్కు. అందుకే మ్యాపులో కారుకు చూపించే సమయాన్ని బండికి వేసుకోవద్దు.

రోడ్డు పనులు కూడా చూడండి. మా వైపు ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగింది. ‘ఫ్లైఓవరు వస్తే పావుగంట’ అనే మాట మీద ఇల్లు తీసుకోకండి, ఈ రోజు పట్టే సమయాన్నే రాసుకోండి.

ఏడో పని: మిగిలిన చిన్నవి

స్కూలు బస్సు ఫీజు పది నెలలకా, పన్నెండు నెలలకా అడగండి. కూరగాయలు మా దగ్గర వారం అంగడిలో చౌకే, కానీ నెల సరుకులకు తేడా ఏమీ లేదు. ఇంటర్నెట్, గ్యాస్ దాదాపు సమానం. పెళ్లిళ్లు, పేరంటాలు, ఆసుపత్రి అంటూ నగరంలోకి వచ్చే ఆదివారాలు మాత్రం లెక్కపెట్టండి. రాత్రి తొమ్మిది దాటాక ఉప్పల్ అవతలికి ఆటో మాట్లాడాలంటే ఎంత అడుగుతారో ఒకసారి స్వయంగా అడిగి చూడండి.

ఎనిమిదో పని: రెండు వరసలూ కూడండి

మా నోట్‌బుక్కులో నెల లెక్క ఇలా తేలింది.

నల్లకుంట: అద్దె 22,000, మెయింటెనెన్స్ 1,500, పెట్రోలు 1,030, స్కూలు ఆటో 1,800, తిరుగుడు ఆటోలు 800, నీళ్లు సున్నా. మొత్తం 27,130.

పోచారం: అద్దె 14,000, మెయింటెనెన్స్ 2,500, పెట్రోలు 2,980, బండి అదనం 500, స్కూలు బస్సు 3,000, వారాంతాల్లో నగరానికి రాకపోకలు 1,600, ట్యాంకర్లు ఏడాది సగటున 375. మొత్తం 24,955.

తేడా 2,175. ఇందులోంచి హెచ్‌ఆర్‌ఏ వల్ల పెరిగిన 1,664 తీసేస్తే 511. మారడానికి ఒక్కసారి అయిన ఖర్చు ఇది కాక: సామాను తరలింపు 12 వేలు, పాత ఇంటి ఓనరు పెయింటింగ్ కింద అడ్వాన్సులో పట్టుకున్నది 10 వేలు, కొత్త స్కూలు అడ్మిషన్ 25 వేలు. 47 వేలు తిరిగి రావడానికి 2,175 చొప్పున అయినా 22 నెలలు. అద్దెకు వెళ్లేవాళ్లు కనీసం మూడేళ్లు కదలకుండా ఉండగలమా అని ఆలోచించుకోవాలని నేను చెప్పేది ఈ అంకె చూసే. రెండో మనిషి కూడా రోజూ నగరానికి వెళ్లే ఇల్లయితే మిగులు పోయి, ఎదురు ఖర్చు పడుతుంది.

కొనేవాళ్ల లెక్క వేరు. శివారులో ఫ్లాటు 20 లక్షలు తక్కువకు వస్తే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు మీద నెలకు దాదాపు 17,360 రూపాయల ఈఎంఐ తగ్గుతుంది. రిజిస్ట్రేషన్‌లో లక్షన్నర మిగులుతుంది. పెట్రోలు, స్కూలు బస్సు, ట్యాంకర్లు అన్నీ కలిపినా ఆ మొత్తాన్ని మింగలేవు. అందుకే ఎవరైనా అడిగితే, కొనుక్కోవడానికైతే శివారు చూడమంటాను. అద్దెకైతే ఆఫీసు ఎటువైపో ముందు చెప్పమంటాను.

తొమ్మిదో పని: అడ్వాన్సు ఇచ్చే ముందు రెండు రోజులు

ఒక సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆ ఇంటి గేటు దగ్గర నుంచి ఆఫీసుకు బయల్దేరి చూడండి. ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు పట్టిన సమయం దేనికీ పనికిరాదు. ఇంకోరోజు చీకటి పడ్డాక ఏడున్నర ప్రాంతంలో బస్‌స్టాపు నుంచి ఇంటిదాకా నడవండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, కుక్కలు ఎన్ని, ఇంట్లో ఆడపిల్ల ట్యూషన్ నుంచి ఒంటరిగా రాగలదా అన్నది అప్పుడే తెలుస్తుంది.

అద్దె ఒప్పందంలో మూడు విషయాలు రాయించండి: ఇంటి పన్ను ఎవరు కట్టాలి, ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసిందా విడిగానా, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఎంత పట్టుకుంటారు. మారాక గృహజ్యోతి కింద 200 యూనిట్ల ఉచిత కరెంటు వస్తున్నవాళ్లు, కొత్త ఇంటి సర్వీసు నంబరు ఎక్కించుకోవాలి. తెల్ల రేషన్ కార్డు, ఆధార్, కొత్త ఇంటి కరెంటు బిల్లు మూడూ ఒకే కవరులో పెట్టుకుని మొదటి వారంలోనే వెళ్లి రండి. రెండో నెల దాకా ఆగితే, ఆ రెండు నెలల బిల్లూ చేతి నుంచి కట్టాల్సి వస్తుంది.